ఉప్పునీళ్ళ ఎలుకలకు సమన్యాయం

"ఇకమీదట ఈ ప్రభుత్వం ఏ ఎలుకకీ అన్యాయం జరగనివ్వదు!" అని ఆరోగ్యమంత్రిగారు మా ప్రయోగశాలలో ప్రకటించారు. ఆ చారిత్రక ఘడియలో నేను అక్కడే ఉన్నాను. ఎలుకల బోన్లు కడగడం నా ఉద్యోగం.

మా డాక్టరమ్మది మూడేళ్ళ కష్టం. రోగాలతో పోరాడాల్సిన బి కణాలు ఒక్కోసారి బుద్ధి గడ్డితిని సొంత ఒంటి మీదే పడతాయి. వాటిని బతికించే సంకేతాన్ని యాంటీబాడీ అనే మందుతో అడ్డుకుంటే అవి చస్తాయా, జబ్బు తగ్గుతుందా అన్నది ఆవిడ ప్రశ్న. జబ్బు ఎలుకల్లో ఇరవైకి మందు, ఇరవైకి వట్టి ఉప్పునీళ్ళు. ఇంకో వారంలో రెండు గుంపుల రక్తం పోల్చితే తేలిపోతుంది. ఈ పని వదల్లేక ఆవిడ సొంత తమ్ముడి పెళ్ళికి కూడా తాళి కట్టే వేళకి వెళ్ళి భోజనం చెయ్యకుండా వచ్చేశారు.

మంత్రిగారికి ముందు బి కణాల మీద జాలి కలిగింది.

"'ఏ' కణాల్ని వదిలేసి 'బి' కణాల్నే చంపడమేంటమ్మా?"

"'ఏ' కణాలంటూ లేవండీ."

"అప్పుడే చంపేశారా!"

తర్వాత ఆయన చూపు 'కంట్రోల్ గ్రూపు' అన్న చీటీ మీద పడింది.

"వీటికి మందు ఇవ్వమండీ, ఉప్పునీళ్ళే" అన్నారు డాక్టరమ్మ.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. కెమెరాలు కూడా సరిగ్గా అప్పుడే వెలిగాయి.

"నా హయాంలో వివక్షా? అన్నిటికీ మందు వెయ్యండి!"

"అలా చేస్తే మందు పనిచేసిందో లేదో తెలీదండీ..."

"పథకం పెట్టేముందు పనిచేస్తుందా అని ఎవరైనా అడుగుతారా తల్లీ!"

ఇంత లోతైన మాట నేను ఏ శాస్త్రవేత్త నోటా వినలేదు. పీఏగారు చీటీలన్నీ పీకేసి, నలభై ఎలుకల్నీ ఒకే తొట్టిలో కలిపేశారు. అన్నిటికీ సూదులు పడ్డాయి. డాక్టరమ్మ స్టూలు మీద కూలబడి మొహం కప్పుకున్నారు. ఆనందం పట్టలేక అనుకున్నాను.

పదిరోజులకి మంత్రిగారు మళ్ళీ వచ్చారు. వెంట పీఏ తప్ప ఎవరూ లేరు. గడ్డం మాసి ఉంది.

"మా చెల్లాయికి ఈ జబ్బేనటమ్మా. నిన్ననే తెలిసింది. మీ మందు పనిచేస్తుందా? నిజం చెప్పండి."

నాకు నిజంగానే జాలేసింది.

"ఉప్పునీళ్ళ ఎలుకలతో పోల్చి చూస్తే చెప్పగలనండీ" అన్నారు డాక్టరమ్మ మెల్లగా.

మంత్రిగారు ఆశగా పీఏ వైపు తిరిగారు.

"అవెక్కడున్నాయయ్యా?"

పీఏగారు ఛాతీ విరుచుకున్నారు.

"ఒక్కటి కూడా మిగల్లేదు సార్!"