పదకొండో పేజీకి క్లిప్పు

ఎలుగుబంటి ముసుగులు ఇరవై నాలుగు కత్తిరించాలి. వాటికి రబ్బరు బ్యాండ్లు కట్టాలి. నీలం కాగితంతో వాన చినుకులు చేసి దారాలకు వేలాడదీయాలి. కొత్త పదాల చార్టు రాయాలి. రంగులు వేసే షీట్లు జిరాక్స్ తీయించాలి. ఫొటోల కోసం ఫోను ఛార్జింగ్ పెట్టాలి. నాలుగు పేజీల ప్లాను రాసి సూపర్‌వైజరు మేడమ్ సంతకం తీసుకోవాలి. పుస్తకం ఎక్కడుందో వెతకాలి.

మా చిన్నపిల్లల బడిలో అరగంట కథ పీరియడుకు టీచరుగా ఇదీ నా పని. పుస్తకం పన్నెండు పేజీలు. పేజీకొక వాక్యం.

పిల్లలకు కథ చెప్పడం కంటే కథ చుట్టూ పనులు పెట్టడమే మేలని సవినయంగా మనవి చేస్తున్నాను. కథ చెబితే అయిపోతుంది. ముసుగు గోడకు అంటిస్తే ఏడాది ఉంటుంది! తల్లిదండ్రులు వచ్చి చూసుకోవచ్చు. కథ విన్న పిల్లాడి దగ్గర చూడ్డానికి ఏముంటుంది? కాసేపు నోరు తెరుచుకుని ఉంటాడు, అంతే. దాన్ని ఏ ఫైల్లో పెట్టను?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా అమ్మకు చదవడం రాదు. పాపం, ప్లానింగూ తెలీదు. బట్టలు మడతపెడుతూనే ఏ లక్ష్యమూ లేకుండా కథ మొదలుపెట్టేది. చార్టు లేదు, షీటు లేదు. రాజు గొంతు, దొంగ గొంతు రెండూ తనే పెట్టేది. అన్నిటికంటే ఘోరం, చివరిదాకా చెప్పేసేది. విన్నాక మేం లేచి ఆడుకోవడానికి పోయేవాళ్ళం. ఏం నేర్చుకున్నారని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. అలాంటి పెంపకంలోంచి వచ్చి డిగ్రీ ఎలా గట్టెక్కానో ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా బడిలో ఆ ప్రమాదం లేదు. చివరి రెండు పేజీలకు ముందే క్లిప్పు పెట్టేస్తాం. పదో పేజీ దగ్గర ఆగి, తర్వాత ఏమవుతుందో ఊహించమంటాం. పిల్లలు ఊహిస్తారు, బొమ్మ గీస్తారు, ముసుగు పెట్టుకుని ఫొటో దిగుతారు. క్లిప్పు తీసేలోగా గంట కొడతారు. పై వారం కొత్త పుస్తకం, కొత్త క్లిప్పు. రెండేళ్ళలో అరవై పుస్తకాలు మొదలుపెట్టాను. ఒక్క ముగింపు కూడా బయటికి పొక్కలేదు. ఇంత గోప్యత ఏ ఆఫీసులోనైనా చూశారా?

మొన్నటి పుస్తకంలో ఒక ఎలుగుబంటి వానలో తడిసి ముద్దై, ఎలుక ఇంటి తలుపు కొడుతుంది. ఆ తలుపు దాని బొటనవేలంత ఉంటుంది. అక్కడ క్లిప్పు.

మా క్లాసులో ఒక పాపను అందరం మిరపకాయ అంటాం. ముందు పళ్ళు రెండూ ఊడాయి గానీ నోరు ఊరుకోదు. ముసుగు పెట్టుకోనని మొండికేసింది. వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"తలుపు తీసిందా టీచర్?"

శిక్షణలో నేర్పిన జవాబు నా నాలుక మీదే ఉంది. "నువ్వేమనుకుంటున్నావమ్మా?"

"నేననుకునేది కాదు. పుస్తకంలో ఏముంది?"

ఊహాశక్తి ఇంకా పెరగాలి అని రిపోర్టులో రాసుకున్నాను.

ఆ పాపకు మా బడిలో అదే చివరి రోజు. వాళ్ళ నాన్నకు బదిలీ అయింది, మర్నాడే వేరే ఊరికి ప్రయాణం. కొత్త చోట తనతో ఎవరాడతారని పిల్లకు వారం నుంచి అదే బెంగ అని వాళ్ళమ్మ పొద్దున్న దింపినప్పుడే చెప్పింది.

గంటకు ఇంకా ఐదు నిమిషాలుంది. క్లిప్పు తీయడానికి ఒక సెకను, రెండు వాక్యాలు చదవడానికి పది. సరిగ్గా అప్పుడే మేడమ్ ఫోను పట్టుకుని వచ్చారు. ముసుగులు వంకరగా ఉన్నాయన్నారు. ఇరవై మూడు ముసుగులూ సర్దాను. పాప మళ్ళీ అడిగింది. ఫొటో అయ్యేదాకా ఆగమన్నాను. గంట కొట్టారు.

ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. బడి బోర్డు మీద పెట్టారు. అందులో మొహం కనబడే పిల్ల ఒక్కతే. కెమెరా వైపు చూడట్లేదు, నా చేతిలోని పుస్తకం వైపు చూస్తోంది.

అందరూ వెళ్ళాక క్లిప్పు తీశాను. ఎలుక తలుపు తీసింది గానీ ఎలుగుబంటి లోపల పట్టలేదు. అందుకని ఎలుకే బయటికొచ్చి, దాని పక్కన వానలో కూర్చుంది.

అంతే. ఈ రెండు వాక్యాలకు ప్లానులో చోటు లేదు. ఆ ప్లాను రాసింది నేనే, మేడమ్ కాదు.

చదువరులారా, మీ వీధిలోకి కొత్తగా ఒక కుటుంబం దిగవచ్చు. వాళ్ళతో ముందు పళ్ళు లేని పిల్ల ఉంటే, దయచేసి గుర్తుపట్టండి. ఏమనుకుంటున్నావని మాత్రం అడక్కండి. ఎలుక తలుపు తీసిందని చెప్పండి.