కుడిపక్క ఎండ

ఆ రోజు పొద్దున తిప్పయ్య పెట్టుకున్న పని ఒక్కటే. ఎవరి కంటా పడకుండా ముఖానికి క్రీము రాసుకుని బస్సెక్కాలి. భార్య ఓబులమ్మ ముందురోజే ధర్మవరంలో మగ్గం నేసే అక్క ఇంటికి వెళ్లింది. ఇంతకన్నా మంచి అదను దొరకదు.

కదిరి నుంచి అనంతపురానికి బస్సు నడిపే మనిషికి క్రీములెందుకంటే, తప్పంతా సూర్యుడిది. పొద్దున బస్సు ఉత్తరానికి పోతుంటే తూర్పు ఎండ కుడివైపు కొడుతుంది. సాయంత్రం దక్షిణానికి తిరిగొస్తుంటే పడమటి ఎండ, అదీ కుడివైపే. ఏళ్ల తరబడి అలా కాలీ కాలీ, తిప్పయ్య కుడిచెయ్యి ఒకరిది, ఎడమచెయ్యి ఇంకొకరిది అన్నట్టు తయారైంది. మోచేతి కింద గరుకుగా ఒక మచ్చ లేచేసరికి భయపడి చర్మం డాక్టరు దగ్గరికి పోయాడు. "ఇప్పటికి ఫరవాలేదు. ఎండ తగలనిస్తే మాత్రం ముదురుతుంది. రోజూ సన్‌స్క్రీన్ రాయి" అన్నాడాయన. ఈ మాట తిప్పయ్య ఇంట్లో చెప్పలేదు. మచ్చ సంగతి తెలిస్తే ఓబులమ్మ అన్నం మానేస్తుంది. క్రీము సంగతి తెలిస్తే డిపో మొత్తం పని మానేసి నవ్వుతుంది.

ముందురోజు మందుల షాపులో ఉన్న అమ్మాయి "ముప్పై కావల్నా, యాభై కావల్నా?" అని అడిగింది.

తిప్పయ్య ఆలోచించాడు. "నాకు యాభై రెండు నడుస్తాండాదమ్మా. యాభైదే ఇయ్యి."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ ట్యూబు చేతిలో పెట్టి, "బాగా పట్టించన్నా. రాసినాక తుడుచుకోవద్దు" అని మాత్రం చెప్పింది.

తిప్పయ్య చెప్పిన మాట వినే మనిషి. ఎండ కుడివైపే కాబట్టి ఎడమవైపు పూసి దండగ చేయడమెందుకనుకున్నాడు. తెల్లారగానే ముక్కు మీద గీత గీసినట్టు అక్కడికి ఆపి, కుడి చెంపకూ కుడి చేతికీ గోడకు సున్నం కొట్టినట్టు పట్టించాడు. అద్దంలో సగం మనిషి తెల్లగా కనిపించాడు. ఆరితే అదే పోతుందిలే అనుకుని బయలుదేరాడు.

కండక్టరు బయ్యన్న ఎప్పుడూ ఎడమపక్కనే ఉంటాడు కాబట్టి అతనికేమీ తెలియలేదు. ముదిగుబ్బలో ఎక్కిన నల్లమ్మ అనే ముసలామె మాత్రం డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. ఎదుటి అద్దంలో డ్రైవరు ముఖం మొత్తం ఆమెకు కనబడుతోంది.

"ఏమప్పా, మొగం ఒకపక్క పాలిపోయిండాదే?"

అప్పటికే చెమటకు క్రీము కరిగి పెదవి మీదికి దిగింది. ఒకటే చేదు. తిప్పయ్య ఎడమవైపు మూతి మాత్రం తెరిచి, "ఏం ఏదవ్వా" అని ముద్దగా అన్నాడు. ఇంకాస్త క్రీము కుడికంట్లోకి జారింది. కన్ను భగ్గుమని మూసుకుపోయి నీళ్లు కారసాగాయి. తుడుచుకోకూడదు కదా! పూసింది చెరిగిపోతుందని కుడిచేతిని కూడా స్టీరింగు మీద కర్రలా బిగబట్టి ఉంచాడు.

నల్లమ్మ బయ్యన్న చొక్కా పట్టి లాగింది. "మా ఇంటాయనకు అచ్చం ఇట్లే వచ్చిండె నాయనా. ముందు కన్ను, ఆమీద నోరు, ఆపైన చెయ్యి. పక్షవాతం!"

బయ్యన్న ఒక్క ఉదుటున ముందుకొచ్చి వంగి చూశాడు. "అన్నా, ఒకతూరి నవ్వన్నా!"

క్రీము సంగతి బయటపడిందనుకుని తిప్పయ్య ముఖం మరింత బిగించాడు.

"నవ్వలేకపోతాండాడు! అన్నా, రెండు చేతులూ పైకెత్తు!"

"బస్సు ఎవురు తోల్తార్రా?" అని తిప్పయ్య గదమాయించాడు గానీ, సగం నోటితో అన్న ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. "మాట పడిపాయ!" అని వెనక సీట్ల దాకా కేక పాకింది. ఇక నడపనిచ్చేవాళ్లు లేరు. బత్తలపల్లి సెంటర్లో బస్సు ఆపక తప్పలేదు.

ఒకరు అంబులెన్సుకు ఫోను చేశారు. బయ్యన్న ఓబులమ్మకు చేసి, "వదినా, భయపడొద్దు" అని మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాటకే ఆమె వీధిలోకి పరుగెత్తింది. మిగతాది ఆటోలో కూర్చుని వింది.

ఈలోగా నలుగురు తిప్పయ్యను దించి చెట్టు నీడన పడుకోబెట్టి, కొబ్బరినూనెతో కుడిచెయ్యి రుద్దడం మొదలుపెట్టారు. రుద్దినకొద్దీ తెలుపు పోయి నలుపు బయటపడింది. "రక్తం ఆడతాండాది! ఇంగా రుద్దండప్పా!" అని నల్లమ్మ ఉత్సాహపరిచింది. "క్రీము... అది క్రీము" అని తిప్పయ్య రెండుసార్లు అన్నాడు. "పాపం, ఎవురినో పిలుస్తాండాడు" అన్నారు. ఇన్ని కళ్ల ముందు మూడోసారి అనడానికి అతనికి నోరు రాలేదు. పక్షవాతమని తేల్చి స్టీరింగు లాక్కుంటే తన బతుకేమిటన్న దిగులు మాత్రం అప్పుడే పట్టుకుంది.

ఆటో ఆగీ ఆగకముందే ఓబులమ్మ దూకింది. నెత్తిన కొంగు లేదు, కాళ్లకు చెప్పుల్లేవు. కాలే తారు మీద పరుగెత్తుకొచ్చి అతని తల ఒళ్లోకి తీసుకుని ఏడ్చింది. ఆ కన్నీళ్లు చూశాక తిప్పయ్యకు సిగ్గు ఎగిరిపోయింది. లేచి కూర్చుని, ఆమె కొంగుతోనే మూతి తుడుచుకుని, మచ్చ దగ్గర్నుంచి ట్యూబు దాకా గడగడా చెప్పేశాడు.

జనం నోళ్లు తెరిచారు. ఓబులమ్మ ఏడుపు ఆపి అతని భుజం మీద ఒక్కటి చరిచింది. "నాతో చెప్పింటే నేనే సమంగా రుద్దుదును గదా! యాడుండాది ఆ మచ్చ? సూపీ!"

అంబులెన్సులో వచ్చిన నర్సు భారతి చేతులెత్తించి, మాట్లాడించి, బీపీ చూసింది. అంతా బాగానే ఉంది. ట్యూబు చూసి తల కొట్టుకుంది. "యాభై అంటే వయసు కాదన్నా, ఎండను ఆపే బలం. బయటికి పోయే ముందే రెండు పక్కలా, మెడకూ చెవులకూ తెలుపు పోయేదాకా సమంగా రాయల్ల. కంట్లోకి, నోట్లోకి పోనీకూడదు. చెమటకు పోతాది కాబట్టి రెండు గంటలకోతూరి మళ్లా రాసుకోవల్ల. నిండు చేతుల చొక్కా వేసుకుంటే ఇంకా మేలు."

ఓబులమ్మ ట్యూబు తీసుకుని, అందరూ చూస్తుండగానే మొగుడి ఎడమచెంపకు కూడా రాసింది. ఎవరూ నవ్వలేదు. నల్లమ్మ తన ముక్కు కూడా ముందుకు చాపింది.

ఇక బస్సు కదలొచ్చు అనుకునేసరికి బయ్యన్న మెట్టు మీద కూలబడ్డాడు. "అక్కా, తల తిరుగుతాండాది." భారతి అతనికి బీపీ చూసింది. నమ్మలేక ఇంకోసారి చూసింది. "బీపీ శానా ఎక్కువుండాది. నువ్వు అంబులెన్సెక్కప్పా" అంది.

"నేనా? పేషంటు ఆయన గదమ్మా!"

వినిపించుకునేవాళ్లు లేరు. అందరికీ టిక్కెట్లు ఇవ్వడం అయిపోయింది కాబట్టి తిప్పయ్య ఓబులమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టాడు. బస్సు ఆ రోజు చాలా ఆలస్యంగా అనంతపురం చేరింది. కండక్టరు మాత్రం దానికన్నా ముందే చేరాడు.