మంచుబండికి మా ఇంటి కాటా

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడే చెబుతాను. ఎలాగూ నవ్వుతారని తెలుసు. అయినా చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

నా వృత్తి మీకు తెలిసిందే. కాటాలు బాగుచేస్తాను. కూరల కొట్లో కాటా, పోస్టాఫీసులో కాటా, పసిపిల్లల్ని తూచే కాటా, ఊళ్లో ఏది మొరాయించినా నా కొట్టుకే వస్తుంది. అందరూ నన్ను కాటాల డాక్టరంటారు. అసలు డాక్టరు మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "మీరు బాగా బరువు తగ్గాలండీ," అన్నాడు. ఆ మాట నాకు చెవిలో చెప్పి ఊరుకుంటే ఏ గొడవా లేదు. మా ఆవిడ పక్కన కూర్చుని ఉండగా చెప్పాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ తెల్లవారగానే నాకు తూకం. వంటింటి గుమ్మం పక్కన పాత కాటా ఒకటుంది, మనిషి పైకెక్కితే ముల్లు తిరిగే రకం. నేను ఎక్కి ఊపిరి బిగబట్టేవాణ్ణి.

"ఊపిరి వదలండి," అనేది మా ఆవిడ.

"వదిలితే పొట్ట ముందుకొస్తుందోయ్."

"ముందుకొచ్చినా వెనక్కెళ్లినా అది మీ పొట్టే. వదలండి."

వారం గడిచినా ముల్లు కదల్లేదు గానీ, నా కంచంలోంచి మాత్రం ఒక్కొక్కటే మాయమవుతూ వచ్చాయి. ముందు వెన్న పోయింది. తర్వాత బంగాళాదుంపలు పోయాయి. మా కంచాల అడుగున పూల బొమ్మలుంటాయని పెళ్లయిన ఇన్నేళ్లకి నాకు తెలిసింది.

సరిగ్గా అప్పుడే జాతీయ జట్టు వచ్చి మా మేడ మీద దిగింది.

మన కొండ మీద మంచు బాట ఉంది కదా, ఈసారి కుర్రకారుకి పెట్టే అంతర్జాతీయ శీతాకాల పోటీలు అక్కడే జరిగాయి. జాతీయ జట్టు అనగానే పెద్ద దండు ఊహించుకోకండి. నలుగురంటే నలుగురు. మంచుబండి నడిపేది మా అమ్మాయి, దాన్ని మేం పిడుగు అంటాం. వెనక కూర్చుని బ్రేకు లాగే అమ్మాయికి నేను బ్రేకమ్మ అని పేరు పెట్టాను. రెండో బండికి ఇద్దరు మగపిల్లలున్నారు, జోడెద్దుల్లా ఎప్పుడూ కలిసే తిరుగుతారు. వీళ్లందరి మీదా ఈల మాస్టారు. ఆయన మెళ్లో ఈల స్నానానికి కూడా తీయడు.

ఆ బండి పడవ ఆకారంలో ఉండే ఇనప పెట్టె. ఇద్దరూ దాన్ని తోసుకుంటూ పరిగెత్తి, లోపలికి దూకి, గడ్డకట్టిన బాట మీద మలుపులు తిరుగుతూ కిందికి దూసుకుపోతారు. బరువుంటేనే వేగం. అందుకని తక్కువైన బరువుకి అడుగున ఇనప పలకలు బిగిస్తారు. కానీ బండీ మనుషులూ కలిపి ఒక హద్దు ఉంది. కింద చేరగానే తూస్తారు. హద్దు దాటితే ఆ పరుగు లెక్కలోకి రాదు, ఇంటికి పొమ్మంటారు. మా పిడుగు మూడేళ్లుగా ఒళ్లంతా కమిలిపోయేలా సాధన చేసింది ఈ ఒక్క పరుగు కోసమే.

"పిల్లలు బలంగా తినాలమ్మా," అన్నాడు ఈల మాస్టారు మా ఆవిడతో.

ఇక చూడండి నా అవస్థ. ఒకే బల్ల మీద వాళ్లకి గుడ్లు, మాంసం, వెన్న రాసిన రొట్టెలు. నాకు ఉడికించిన క్యాబేజీ.

"నేనూ ఈ ఇంటివాణ్ణే కదటోయ్," అన్నాను.

"మీరు దేశం తరఫున ఆడుతున్నారా?"

"ఆడితే పెడతావా?"

"ఆడక్కర్లేదు. బండి పైకి లాగడానికి మాస్టారుకి ఒక మనిషి కావాలట. మీ పేరు చెప్పాను."

అలా ఆ రోజు నుంచి సాయంత్రం కొట్టు కట్టేశాక కొండ కింద నుంచి పైదాకా ఆ ఇనప పెట్టెకి తాడు కట్టి లాగడం నా వంతైంది. పిల్లలు రివ్వున దిగేవాళ్లు. నేను ఉసూరుమంటూ ఎక్కేవాణ్ణి. దిగిరాగానే క్యాబేజీ ఎదురయ్యేది.

ఆ కడుపుమంటలోనే నాకు ఆలోచన తట్టింది. ఊళ్లో కాటాలన్నీ నా మాట వింటుంటే, నా ఇంట్లో కాటా నా మీద చాడీలు చెప్పడమేమిటి? దాని అడుగున ఒక స్క్రూ ఉంటుంది. పిసరంత తిప్పితే ముల్లు తక్కువ చూపిస్తుంది. ఒకేసారి తిప్పితే దొరికిపోతాం కాబట్టి కొంచెం కొంచెంగా తిప్పాలనుకున్నాను. మా ఆవిడ బజారుకెళ్లినప్పుడల్లా కాటా కింద దూరి నా పని నేను చేసుకున్నాను.

ఆ వారమే ముల్లు దిగడం మొదలుపెట్టింది. మా ఆవిడ మొహం చేటంత అయింది. "చూశారా, మనసు పెడితే ఎంతలో తగ్గారో," అని మెచ్చుకుంది. నేను వినయంగా తల వంచుకున్నాను. ఆ ధైర్యంతోనే పిల్లల కోసం పై అరలో దాచిన బిస్కెట్ల డబ్బా మీద పడ్డాను. అవి రంపపు పొట్టు నమిలినట్టున్నాయి. ఆటగాళ్ల తిండి ఇలాగే ఉంటుంది కాబోలనుకుని రోజూ కళ్లు మూసుకుని తిన్నాను.

పిల్లలు కూడా పొద్దున్నే ఒకరి తర్వాత ఒకరు ఆ కాటా ఎక్కడం నేను చూశాను. సరదాకి ఎక్కుతున్నారనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

పోటీ రోజు పొద్దున ఈల మాస్టారు టీ తాగుతూ, "హద్దుకి ఒక్క చెంచా తక్కువలో పెట్టానండీ బండి," అన్నాడు. "మీ ఇంటి కాటా లెక్క ప్రకారం పలకలు బిగించాను. కాటాల డాక్టరింట్లో కాటా కంటే నమ్మకమైనది ఇంకెక్కడుంటుంది?"

కాటా తక్కువ చూపిస్తోందంటే పిల్లలు అసలు ఇంకా బరువున్నట్టు. దాని మీద పలకలు. కిందికి చేరగానే హద్దు దాటిపోవడం, మా పిడుగు మూడేళ్ల కష్టం మంచులో కలిసిపోవడం ఖాయం. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఎదురుగా అట్లకాడ పట్టుకుని మా ఆవిడ నిలబడి ఉంది. నోరు మూసుకున్నాను.

"అమ్మాయిలూ, ఇవాళ ఏమీ తినకండి," అన్నాను మెల్లగా.

"పోటీ రోజున పస్తుంచుతారా పిల్లల్ని?" అంది మా ఆవిడ.

ఇక లాభం లేదని పిడుగు కంచంలో గుడ్డు ఒకటి, బ్రేకమ్మ కంచంలో రెండు లాగి నోట్లో వేసుకున్నాను. దేశం కోసమే తిన్నాను, ఒట్టు. మా ఆవిడ చూసిన చూపుకి మూడో గుడ్డు గొంతులోనే ఆగిపోయింది.

కొండ పైకి చేరేసరికి రకరకాల దేశాల పిల్లలు రంగురంగుల బిగుతు బట్టల్లో గంతులేస్తున్నారు. మా వాళ్లు ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి అటు వెళ్లగానే నేను స్పానరు తీసి పిడుగు బండిలో తలదూర్చాను. ఒక పలక ఊడదీసి కోటు లోపల దాచాను. రెండో పలక కూడా దాచాను. మూడోది తీస్తుండగా ఎవరో నా నడుం పట్టుకుని వెనక్కి లాగారు.

చూస్తే బొచ్చు టోపీ పెట్టుకున్న పోటీ అధికారి. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు. నేను దణ్ణం పెట్టాను. చెయ్యెత్తేసరికి కోటులోంచి పలక జారి ఆయన కాలి మీద పడింది. ఆయన వేసిన కేక మాత్రం ఏ భాషైనా అందరికీ అర్థమైంది.

క్షణంలో అన్ని దేశాలూ చుట్టూ మూగాయి. ఈల మాస్టారు ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. మా ఆవిడ గుంపుని తోసుకుంటూ వచ్చింది. వెనకే పిడుగు.

"నాన్నా, మా బండిని పాడుచేస్తున్నావా?" అంది.

అంతే. పరువు పోతే పోయిందనుకున్నాను. "లేదమ్మా, ఇంట్లో కాటా తప్పు. తక్కువ చూపించేలా నేనే స్క్రూ తిప్పాను. ఉన్న పలకలతో దిగితే మీరు హద్దు దాటిపోతారు. నీ పరుగు పోతుంది. అందుకే తీస్తున్నాను. నన్నేమైనా అను గానీ, పలకలు మాత్రం పెట్టొద్దు," అని ఏడ్చినంత పని చేశాను.

బొచ్చు టోపీ ఆయన నిలదీస్తే ఈల మాస్టారు నా నేరాన్ని ఆయన భాషలోకి మార్చి చెప్పాడు. నేను చెప్పినదానికంటే బాగా పొడుగ్గా వచ్చింది. మధ్యలో చేతులతో నా పొట్ట కొలత కూడా చూపించాడు. అన్ని దేశాల పిల్లలూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. కింద పడిన పలక తీసి మాస్టారు చేతికిచ్చింది. "మాస్టారూ, ఎక్కడివక్కడ బిగించండి. కాటా సరిగ్గానే ఉంది."

"ఎలా ఉంటుందోయ్, నేను తిప్పితేనూ?" అన్నాను.

"మీరు తిప్పిన ప్రతిసారీ నేను వెనక్కి తిప్పాను. మొదటి రోజే పిండి బస్తా తూస్తే కొట్లో చెప్పినదానికి తక్కువొచ్చింది. ఇన్నేళ్లు మీ కొట్లో కూర్చున్నదాన్ని, ఆ మాత్రం స్క్రూ నాకు తెలియదా?"

"మరి ముల్లు రోజూ దిగింది కదా."

"మీరు దిగారు కాబట్టి దిగింది. రోజూ కొండెక్కి బండి లాగితే దిగరా?"

"ఆ బిస్కెట్లు..."

"తవుడుతో చేశాను. మీరు దొంగతనం చేస్తారని మీ కోసమే పెట్టాను. పిల్లలవి పక్కింట్లో ఉన్నాయి."

కాటా నిజం చెబుతుంటే అబద్ధమనుకుని, లేని తప్పుని ప్రపంచ దేశాల ముందు ఒప్పుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే అయుంటాను.

పలకలు మళ్లీ బిగించారు. బొచ్చు టోపీ ఆయన నా స్పానరు లాక్కుని, నన్ను తాడుకి ఇవతల నిలబెట్టాడు. పిల్లల వంతు వచ్చింది. పిడుగు శిరస్త్రాణం పెట్టుకోబోతూ ఆగి, తాడు దగ్గరికొచ్చి నా చెయ్యి నొక్కింది.

"అందరి ముందూ నా కోసం చెప్పేశావు కదా నాన్నా," అంది.

నేను శిరస్త్రాణం అందుకుని దాని తలకి పెట్టాను. బండి కదిలింది. మలుపులో తిరగబడుతుందేమోనని నేను మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు, వదిలేసరికి ఆవిడ వేళ్లు కందిపోయి ఉన్నాయి. కింద తూకం దగ్గర పచ్చ దీపం వెలిగింది. మాస్టారు చెప్పినట్టు హద్దుకి చెంచాడు తక్కువ. మొత్తం మీద పిడుగు బండికి ఆరో స్థానం వచ్చింది. ఇంతకు ముందు మన జట్టు ఎప్పుడూ చివరి నుంచి లెక్కపెడితేనే ముందుండేది. ఈల మాస్టారు ఈల ఊదడం మరిచిపోయి బొచ్చు టోపీ ఆయన్ని వాటేసుకున్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో పండగలా ఉంది. బల్ల మీద పెద్ద కేకు. నేను హుషారుగా వెళ్లి కాటా ఎక్కాను. ముల్లు ఇంకాస్త కిందికి దిగింది.

"చూశావా, తగ్గాను. ఒక్క ముక్క పెట్టు," అన్నాను.

మా ఆవిడ కేకు కోస్తూ తల కూడా ఎత్తలేదు. "తగ్గారో లేదో ఎవరికి తెలుసు? ఈ మధ్యాహ్నం నేను మళ్లీ స్క్రూ తిప్పానేమో."

"తిప్పావా?"

"చెప్పను."

ఇప్పటికీ చెప్పలేదు. అదీ సంగతి. నా అసలు బరువెంతో నాకు తెలియదు. పోనీ ఊళ్లో ఇంకెక్కడైనా తూయించుకుందామా అంటే, ఆ కాటాలన్నీ నేను బాగుచేసినవే.