కిలో మిర్చి పదిహేడు వేలు

“యాభై ఎనిమిదేళ్ళొచ్చాక కంప్యూటరుతో కుస్తీ ఏంటి నీకు? ముందే రిటైరైపో,” అని భర్త లక్ష్మీకాంత్ అనడం ఆ ఉదయం నాలుగోసారి. అత్తగారు పుల్లమ్మ కొడుకు పక్షం, కూతురు తేజశ్రీ తండ్రి పక్షం. శివపార్వతి క్యారేజీ సర్దుకుని బ్రాడీపేటలో ఆటో ఎక్కింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం చేసి, చివర్లో చేతకాక దిగిపోయిందనిపించుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

హాస్టళ్ళకు సరుకులు కొనే ఆమె ఆఫీసుకు కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. వర్తకులు చెప్పిన ధర న్యాయమైనదో కాదో ఇక అదే తేలుస్తుంది. దానికి ముందుగా మార్కెట్ ధరలు ఎక్కించాలి. ఎండుమిర్చి దగ్గరికొచ్చేసరికి శివపార్వతి, ప్రత్తిపాడులో మిరప వేసే తమ్ముడు బుల్లయ్యకు ఫోను చేసింది. “పదిహేడు వేలక్కా,” అన్నాడతను. అక్కడ మిర్చి ధరంటే క్వింటా ధరే. విడిగా చెప్పేవాడూ లేడు, అడిగేవాడూ లేడు. ఆమె పదిహేడు వేలు కొట్టింది. పక్క గడిలో ‘కిలో’ అని ఉంది.

మర్నాడు మిర్చి వర్తకుడు మీరా హుస్సేన్ ఎప్పటిలాగే కొటేషన్ వేశాడు, కిలో నూట తొంభై. సాఫ్ట్‌వేరు నిర్ఘాంతపోయింది. ఇంత చవకంటే కల్తీ సరుకేనని తేల్చి, ఎవరినీ అడక్కుండా తనిఖీవాళ్ళకు ఉత్తరం పంపేసింది. వాళ్ళొచ్చి అతని గోడౌనుకు తాళం వేశారు.

“పదిహేనేళ్ళుగా ఎక్కువంటూ బేరమాడారు మేడమ్. ఇవాళ తక్కువని తాళం వేశారు. ఇంతకీ ఎంతకి అమ్మమంటారు?” అన్నాడు మీరా హుస్సేన్, కోప్పడే ఓపిక కూడా లేక.

మూడో రోజుకి హాస్టళ్ళలో మిర్చి నిండుకుంది. పిల్లలు కారం లేని పప్పు చూసి ఎవరికి జ్వరమొచ్చిందని అడుగుతున్నారని వార్డెన్ రెబ్కా ఫోను చేసింది.

శివపార్వతి మళ్ళీ మొదటినుంచీ చూసుకుంటే ఆ గడి కనబడింది. నెపం సర్వరు మీదికి నెట్టేయమని పక్కసీటు బాలస్వామి ఉచిత సలహా ఇచ్చాడు. ఆమె మాత్రం, క్వింటా ధరను కిలో ధరగా వేశాను, తప్పు నాదేనని హెడ్డాఫీసుకు రాసింది. తర్వాత రిటైర్మెంటు దరఖాస్తు కూడా రాసుకుని హ్యాండుబ్యాగులో పెట్టుకుంది.

సాయంత్రానికి గోడౌను తాళం తీశారు. ఆ వెంటనే హెడ్డాఫీసు అధికారి ఫోను.

“మిర్చి పండే చోట మన ఆఫీసులన్నీ ఇదే తప్పు చేశాయమ్మా. అందరూ సాఫ్ట్‌వేరును తిట్టారు. గడి చూసింది మీరొక్కరే. మిగతావాళ్ళకి మీరే నేర్పాలి.”

ఇంట్లో భోజనాలకు అందరూ కూర్చున్నాక శివపార్వతి వడ్డిస్తూ నెమ్మదిగా చెప్పింది.

“నేను మానట్లేదు. సోమవారం నుంచి ఊరూరూ తిరిగి పాఠాలు చెప్పాలి. పొద్దున ఆరింటికే బయల్దేరతాను. వంట మీరు చూసుకోండి.”

లక్ష్మీకాంత్ చెయ్యి కడుక్కుని, వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో మూతలు తీసి చూడడం మొదలుపెట్టాడు.