వద్దంటే వద్దేనట!

ప్రపంచంలోకెల్లా గొప్ప మర్యాద ఏమిటో తెలుసా? వద్దన్నవాడికి పెట్టకపోవడం!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. మనకు తెలిసిన మర్యాద ఏమిటి? అతిథి వద్దు మొర్రో అంటున్నా కంచంలో కుమ్మరించడం. చేతులడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వడ్డించడం. లేచిపోతుంటే భుజం పట్టుకుని కుదేయడం. ఇది మర్యాదా, దౌర్జన్యమా? మనిషి నోరు తెరిచి చెప్పిన మాటకు పూచికపుల్ల పాటి విలువైనా ఉండక్కర్లేదా?

ఆ విలువ ఇచ్చే దేశం ఒకటుందని మా బావగారు కనిపెట్టి వచ్చారు. అందుకు ఆయనకు పట్టింది ఆరు రోజులు, ఆయనలో తగ్గింది నాలుగు కిలోలు.

బావగారంటే మా అక్క భర్త. లిఫ్టుల కంపెనీలో సీనియర్ మెకానిక్. కొత్త రకం లిఫ్టు మీద ట్రైనింగ్ కోసం కంపెనీ ఆయన్ను విదేశానికి పంపింది. రెండు వారాలు ఇప్పుడు, మరో రెండు వారాలు ఆర్నెల్ల తర్వాత. హోటల్ దండగని అక్కడి ఒక కుటుంబంతో ఉండే ఏర్పాటు చేసింది. పాతికేళ్ల సర్వీసుకు కానుకగా భార్యకు కూడా టికెట్ ఇస్తామంది. ఈసారి కాకపోతే వచ్చేసారికి వాడుకోవచ్చంది.

ఆ కబురు తెచ్చిన రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. బావగారు బూట్లు కూడా విప్పకుండా, "నువ్వూ వస్తావా?" అన్నారు.

"నేనెందుకులెండి, ఇల్లెవరు చూస్తారు?" అంది అక్క.

"అదీ నిజమే," అని ఆయన బూట్లు విప్పుకున్నారు. ఒక లేసు విప్పేలోపే విషయం తేలిపోయింది. తర్వాత అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "ఒరేయ్, విమానంలో కిటికీ పక్క సీటు మనం అడిగితే ఇస్తారా?" అని గొంతు తగ్గించి అడిగింది. "నువ్వెళ్లడం లేదుగా, నీకెందుకే!" అన్నాను. తెలివైన తమ్ముణ్ని కదా.

సరే, బావగారు వెళ్లారు. ఆ ఇంటాయన సిటీ బస్సు డ్రైవరు. ఇల్లాలు కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. పదేళ్ల కూతురు. ముగ్గురూ గుమ్మంలో నిలబడి నవ్వుతూ స్వాగతం చెప్పారు. బావగారు మురిసిపోయి, తాను మోసుకెళ్లిన గోడగడియారం చేతికిచ్చి, "ఏదో చిన్న వస్తువు, మీకు నచ్చుతుందో లేదో" అన్నారు. డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నచ్చింది గానీ మాకు మూడున్నాయి. ఇది మీ ఇంట్లో పెట్టుకోండి," అని మళ్లీ శ్రద్ధగా ప్యాక్ చేసి ఆయన పెట్టెలోనే సర్దేశాడు. ఎంత నిజాయితీ! మన ఇళ్లలో అయితే ఆ గడియారం పది పెళ్లిళ్లు తిరిగి పదకొండో ఏట మనకే బహుమతిగా వచ్చేది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇల్లాలు గరిటె పట్టుకుని, "ఇంకొంచెం సూప్?" అంది. బావగారి కడుపులో విమానం దిగినప్పటి నుంచీ ఎలుకలు పరిగెడుతున్నాయి. అయినా పద్ధతి తెలిసిన మనిషి కనుక ప్లేటు మీద రెండు చేతులూ చాపి, "అబ్బే, చాలు చాలు!" అన్నారు.

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. గిన్నె మీద మూత పెట్టింది. గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టింది. బావగారు అలాగే చేతులు చాపి ఉండిపోయారు.

మర్నాడు వాన. "బస్సు డిపో దాకా కారులోనే వెళ్తున్నాను, దారిలో దింపనా?" అన్నాడు డ్రైవరు. "మీకెందుకండీ శ్రమ!" అన్నారు బావగారు. "సరే," అని చెయ్యి ఊపి, కారెక్కి వెళ్లిపోయాడు ఆ మహానుభావుడు. ఈయన మూడు కిలోమీటర్లు తడుస్తూ నడిచారు. అతిథి ఆరోగ్యం కోసం ఇంత శ్రద్ధ తీసుకునేవాళ్లు మన చుట్టాల్లో ఎవరైనా ఉన్నారా?

"గది చల్లగా ఉందా?" "అబ్బే, బ్రహ్మాండంగా ఉంది!" దాంతో నాలుగు రోజులు కోటు, మేజోళ్లు, మంకీ క్యాపుతో పడుకున్నారు.

మూడో రోజుకు ఆయనకు తత్వం బోధపడింది. అడగ్గానే "కావాలి" అనెయ్యాలి, అంతే! అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేశారు. "కావాలి. అవునండీ, కావాలి." అద్దం ముందు బాగానే వచ్చింది. తీరా టేబుల్ దగ్గర కూర్చోగానే నాలుక దాని దారిన అది "వద్దు" అనేసింది. యాభై ఏళ్ల అలవాటు మరి! పద్దెనిమిది అంతస్తుల లిఫ్టును చిటికెలో దారికి తెచ్చే మనిషి, రెండంగుళాల నాలుకను తేలేకపోయారు.

ఐదో రోజు డిష్షులో ఒక్క ఉడికించిన గుడ్డు మిగిలింది. మిగిలిన ఆ ఒక్కదాన్ని ఎవరూ ముట్టుకోరనీ, చివరికి బతిమాలి అతిథికే పెడతారనీ బావగారి లెక్క. పాప చాలా మర్యాదగా, "మీకు కావాలా అంకుల్?" అంది. "వద్దమ్మా, నువ్వు తిను," అన్నారు. పాప తినేసింది! "బావమరిదీ, పసిపిల్ల అని కూడా చూడకుండా ఆ క్షణంలో ఎంత కోపమొచ్చిందో చెప్పలేనోయ్," అని తర్వాత నా దగ్గర ఒప్పుకున్నారు.

ఆరో రోజు ట్రైనింగులో లిఫ్టు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఉండగా బావగారికి కళ్లు తిరిగాయి. "బాగానే ఉన్నారా?" అన్నాడు ట్రైనరు. "బాగానే ఉన్నాను," అని చెప్పి మరీ కూలబడ్డారు.

కబురందుకుని ఇల్లాలు ల్యాబు నుంచి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ కళ్లనిండా నీళ్లు. "రోజూ అడుగుతూనే ఉన్నాను కదా! మీరే వద్దన్నారు. మీరు చెప్పిన మాట నమ్మకుండా మళ్లీ మళ్లీ అడిగితే, మిమ్మల్ని అబద్ధాలకోరు అన్నట్టు కాదూ?" అంది.  ఆ పూట మాత్రం బావగారు "కావాలి" అన్నారు. నాలుగుసార్లు అన్నారు.

తిరిగొచ్చాక ఆయన ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఇంట్లో, ఆఫీసులో, ఆఖరికి లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకు కూడా, తలుపు తెరవడానికి ముందు! "మంచివాళ్లేనండీ, కాదనను. కానీ మొహం చూస్తే తెలియదా? రెండోసారి అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? మనసెరిగి మసలుకోవడంలో మన తర్వాతే ఎవరైనా!" ఆయన ఈ మాటలంటుంటే అక్క పక్కనే నిలబడి, అడక్కుండానే మూడోసారి అన్నం వడ్డిస్తూ ఉండేది.  శ్రద్ధగా వినేది, అంతే. ఆ వినడం చూసి మేమెవరం ఏమీ అనుకోలేదు.

ఆర్నెల్లు గడిచాయి. రెండో విడత పిలుపు వచ్చింది. బావగారు పేపరు తిరగేస్తూ, "ఈసారన్నా వస్తావా ఏమిటి?" అన్నారు. అని, జవాబు తెలిసినట్టే తర్వాతి పేజీ తిప్పారు.

"వస్తాను," అంది అక్క.

పేపరు కిందికి దిగింది. "ఏంటీ?"

"వస్తానన్నాను."

"నిజంగానా?"

"నిజంగానే."

"అక్కడ చలి బాగా ఎక్కువే! నీ మోకాళ్లు..."

"స్వెట్టర్ వేసుకుంటాను."

"ఇల్లెవరు చూస్తారు?"

"తాళం చూస్తుంది."

పాఠకులారా, మా బావగారికి రెండోసారి అడగడం రాదని మీలో ఎవరైనా అనుకుని ఉంటే వెంటనే లెంపలేసుకోండి! స్నానానికి వెళ్తూ అడిగారు. భోంచేస్తూ అడిగారు. "బాగా ఆలోచించుకునే చెప్తున్నావా?" అని ఆఫీసు నుంచి ఫోన్ చేసి అడిగారు. ఆయన తల్లి అడిగింది. "అమ్మా, అంత దూరం నువ్వు వెళ్లగలవా?" అని పెళ్లయిన కూతురు వీడియో కాల్ చేసి అడిగింది. ఎంత ఆప్యాయత! ఎంత పట్టింపు! ముప్పై ఏళ్ల కాపురంలో అక్కను ఇంతమంది ఇన్నిసార్లు ఏ విషయమూ అడిగి ఎరగరు.

చివరికి నేనూ ఫోన్ చేశాను. నాకూ ఒక ఇబ్బంది ఉంది మరి. మా ఆవిడ పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లిపోతుంది, మధ్యాహ్నం నాకు క్యారియర్ అక్క ఇంటి నుంచే వస్తుంది. పదకొండేళ్లుగా వస్తోంది. "అక్కా, నువ్వు నిజంగానే వెళ్తున్నావా?" అన్నాను.

 అక్క, "వస్తానంటే ఇంటిల్లిపాదీ పదేసిసార్లు అడుగుతున్నారు. ఆ రోజు నేనెందుకులెండి అన్నప్పుడు ఒక్కడంటే ఒక్కడు ఇంకోసారి అడగలేదేంరా?" అంది.

నాకు సిగ్గేసింది.  క్యారియర్ సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తితే అక్క, "పోనీలేరా, నేను మానేస్తాను," అంటుందేమోనని భయం. అదొక్కటే కాదు. అక్క అలా అంటే, నేను వెంటనే సరేననేస్తానని ఇంకా పెద్ద భయం.