చూడనని మాటిచ్చిన గోడలు

సెలవురోజు పొద్దున్నే, చెప్పులు వేసుకోకముందే, పెద్దమ్మాయి తల్లి దగ్గర మాట తీసుకుంది.

"ఈరోజు గోడల వైపు చూడకూడదు. నా వైపే చూడాలి. సరేనా?"

"సరేనే తల్లీ."

తల్లి పట్టణ కార్యాలయంలో ఇంజనీరు. పాత కట్టడాల్లో ఏది ఉంచాలో, ఏది కూల్చాలో తేల్చడం ఆమె పని. దాంతో ఎక్కడికెళ్లినా మనుషులకంటే ముందు గోడల్ని పలకరించే అలవాటు పట్టుకుంది. మొన్న బడి వార్షికోత్సవంలో కూతురు పాట పాడుతుంటే, ఈవిడ కళ్లు వేదిక పక్క స్తంభానికున్న బీటకు అతుక్కుపోయాయి. చప్పట్లు వినబడ్డాకగానీ పాట అయిపోయిందని తెలియలేదు. పిల్ల ఏడవలేదు, అలగలేదు. "నేను పాడింది ఏ పాటో చెప్పు" అని మాత్రం అడిగింది. ఆ రాత్రి తల్లికి ముద్ద దిగలేదు.

అందుకే కోట చూడ్డానికి బయల్దేరేముందు సంచిలోని టార్చి, టేపు తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. చేతిని మాత్రం బీరువాలో పెట్టడానికి వీల్లేకపోయింది.

కోటంతా బాగానే తిరిగారు. నాలుగేళ్ల చిన్నాడు ప్రతి ఫిరంగిలోనూ తల దూర్చి, "లోపల ఎవరు?" అని అడిగాడు. మందుల కొట్టు నడిపే తండ్రి వాడికి రాజుగారి గొంతుతో జవాబులిచ్చాడు. ఆయనకు జోకు వేయని పూట తిన్నది అరగదు. ఇక మిగిలింది పెద్ద బురుజు. దాని మీదకెక్కి, అమ్మ పక్కన నిలబడి నదిని చూడాలని పెద్దమ్మాయి వారం నుంచీ కలలు కంటోంది.

బురుజు లోపల మెట్లు ఇరుకు. జనం వరసలో నిలబడ్డారు. ఇంజనీరమ్మ మాట ప్రకారం కూతురినే చూస్తూ, ఒక చేత్తో దాని జుట్టు సవరిస్తోంది. రెండో చెయ్యి ఎప్పుడు గోడ మీదకు పోయిందో ఆమెకే తెలియదు. వేళ్లు టక్ టక్ మని కొట్టాయి. ఒకచోట గోడ బోలుగా పలికింది. ఆమె నొసలు ముడిపడింది.

వెనకున్న పెద్దావిడ అది చూసింది. "ఏమైందమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. "మా ఆవిడ చెయ్యేసిందంటే ఎంతటి మేడైనా నేలమట్టమేనండీ! ఆఫీసులో పనే అది."

పెద్దావిడ నవ్వలేదు. వెనక్కి తిరిగి తన మొగుడి చెవిలో ఏదో చెప్పింది. ఆయన తన వెనకాయనకు చెప్పాడు. మెట్ల మీద "గోడ బోలుగా ఉందట" అని బయల్దేరిన మాట, తలుపు దగ్గరకొచ్చేసరికి "కూల్చడానికి ఆఫీసునుంచి వచ్చారట" అయింది. ఆవరణలోకి వెళ్లేసరికి బురుజు అప్పటికే ఓ పక్కకు ఒరిగిందట. పుకారుకు కాళ్లుండవుగానీ జనానికి ఉంటాయి. అందరూ పరుగందుకున్నారు. తోసుకోవద్దని కాపలావాడు ఈల వేశాడు. ఈల వినగానే నడుస్తున్నవాళ్లు కూడా పరుగెత్తారు. టికెట్ల మనిషి కిటికీ మూసి తనూ వాళ్లతో కలిశాడు.

కోట అధికారి రొప్పుతూ వచ్చాడు. "ఎవరండీ చెప్పింది?"

జనమంతా ఇంజనీరమ్మ వైపు వేలు చూపించారు. ఈసారి భర్త నోట జోకు రాలేదు.

"మేడమ్, పడదని ఒక్క మాట చెప్పండి చాలు."

"పరీక్షగా చూడకుండా ఎలా చెప్తానండీ?" అంది. నిజాయితీగల మనిషి మరి. జనం ఇంకో పదడుగులు వెనక్కి జరిగారు.

"అయితే చూసి చెప్పండి!"

"ఈరోజు చూడను. మా అమ్మాయికి మాటిచ్చాను."

"చూశారా, దగ్గరకెళ్లడానికే భయపడుతోంది!" అని ఎవరో అరిచారు. అధికారి తల పట్టుకుని అక్కడే ఉన్న ఫిరంగి మీద కూలబడ్డాడు.

పెద్దమ్మాయి అందరినీ ఒకసారి చూసింది. తర్వాత ఖాళీగా ఉన్న బురుజును చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూడమ్మా, పర్లేదు," అంది. "కానీ నేనూ వస్తా."

ఆ మాటతో తల్లి ఆలోచనలో పడింది. ఇంతకాలం ఎన్నో ఇళ్లు "ఉండొచ్చు" అని సంతకం పెట్టింది. వాటిలో పడుకునేది పరాయి పిల్లలు. తన పిల్ల చెయ్యి పట్టుకుని అదే మాట చెప్పాల్సివస్తే సంతకం అంత చులాగ్గా పడేదా? అందుకే ముందు తానొక్కతే పైదాకా ఎక్కి, రాయి రాయీ తట్టి చూసి, కిందకు దిగి వచ్చింది. తర్వాతే కూతురి చెయ్యి అందుకుంది.

మెట్టు మెట్టుకూ ఆగి నేర్పింది. "ఇక్కడ కొట్టు. గట్టిగా పలికిందా? అది రాయి. ఇక్కడ కొట్టు."

"డొల్లగా ఉందమ్మా!"

"ఈమధ్య వేసిన పైపూత అది. ఊడి వస్తోందంతే. లోపల పాతరాయి నిక్షేపంలా ఉంది."

పైకొచ్చారు. కింద నది ఎండకు మెరుస్తోంది. పైన మరో మనిషి లేడు. గోడల సంగతి తేలిపోయింది కాబట్టి తల్లి మనసు తేలికపడింది. ఇక తనివితీరా కూతురినే చూడొచ్చు. గడ్డం పట్టుకుని ఇటు తిప్పబోయింది.

"ఇటు చూడవే, నది ఎంత బావుందో!"

పెద్దమ్మాయి చెవి గోడకు ఆనించి ఉంది. "ఉష్... మాట్లాడకమ్మా. ఇక్కడ ఇంకా వినలేదు."

తల్లి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పాట పాడి చప్పట్ల మధ్య వేదిక మీద నిలబడిన పిల్లకు ఎలా అనిపించి ఉంటుందో ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. చాలా బాగా తెలిసింది. పక్కన కూర్చుని, కూతురు తనవైపు చూసేదాకా ఎదురుచూసింది.

కిందనుంచి అధికారి అరిచాడు. "మేడమ్! జనాన్ని పంపమంటారా?"

పెద్దమ్మాయి పిట్టగోడ మీదుగా తల బయటపెట్టి జవాబిచ్చింది. "ఆగండి! ఇంకా చూస్తున్నాం!"

ఆ రోజుకు కోట మళ్లీ తెరవలేదు.