మోకాలి దాకా పాకిన బొటనవేలు

ఆ ఉదయం దేవదాస్ పథకం చాలా చిన్నది. చాయ్ తాగి, బోధన్‌లో బస్సెక్కి, రుద్రూర్‌లో దిగి, రాజేందర్ సేటు వరికోత మిషన్ సీట్లో కూర్చోవాలి. ఎడమకాలి బొటనవేలి గోరు మాంసంలోకి పెరిగితే నిజామాబాద్ డాక్టరు కోసి తీసేశాడు. ఇక పనికి పొమ్మన్నాడు. బయట కోతలు జోరుగా సాగుతున్నాయి. ఇప్పుడు సీటు చేజారితే మళ్లీ యాసంగి కోతల దాకా దొరకదు.

"కట్టులకు దుమ్ము పోతది, చిన్ను బాపూ," అంటూ భార్య హెప్సిబా కట్టు మీద తన చర్మంరంగు సాక్సు తొడిగింది.

వాకిట్లోనే శారమ్మ ఎదురైంది. చర్చిలో ఎవరికి ఏ ప్రార్థన కావాలన్నా ఫోన్లో అందరికీ చేరవేసేది ఆమే. దేవదాస్ కాళ్లు చూసి చేతిలోని పాలగిన్నె వదిలేసింది.

"స్తోత్రం! కాలు మొలిసింది!"

"ఎవరి కాలవ్వా?"

"నీదే బిడ్డా! మోకాలి దాకా తీసేసిన్రంటే ఉపాసముండి ప్రార్థన చేసినం."

"నేను గోరనే చెప్పిన," అంది హెప్సిబా.

"గోరంటే ఎవ్వలు గట్టిగ మొక్కుతరు? అందుకే వేలన్న. అది అందరి నోళ్లల్ల తిరిగి నా దగ్గరికొచ్చేసరికి మోకాలైంది. గంతమంది చెప్తే నేను నమ్మనా?"

"ఉత్త గోరేనవ్వా!"

"దేవుని మేలు దాసిపెట్టకు బిడ్డా. రాజేందర్ సేటుకు గూడ నేనే ఫోన్ చేసిన. పాపం, మస్తు ఏడ్సిండు. నీ జాగల శ్రావణ్‌ను పెట్టుకున్నడంట."

దేవదాస్ కుంటుతూనే బస్సుకు పరుగెత్తాడు.

పొలంలో మిషన్ మీద శ్రావణ్ దర్జాగా కూర్చున్నాడు. గట్టు మీద రాజేందర్ దేవదాస్‌ను కౌగిలించుకుని, కిందికి చూశాడు.

"ఏడ పెట్టించినవ్ గీ కాలు? అచ్చం అసలు లెక్కనే ఉన్నది."

"అసలుదే సేటూ!"

"అమ్మెటోడు గట్లనే అంటడు. క్లచ్ తొక్కంగ ఊడిపోతే? మిషన్ నాది, పానం నీది."

"సాక్సు ఇప్పి చూపిస్త, ఆగు."

"వద్దు, వద్దు! నేను చూడలేను!" రాజేందర్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. కానీ జీవితమంతా బండ్ల మధ్య గడిపిన మనిషి. గాలి ఉందో లేదో తెలుసుకోవడానికి టైరును పానాతో కొట్టి చూడటం అలవాటు. కళ్లు మూసుకునే వంగి, చేతిలోని పానాతో పాదాన్ని ఠప్పున కొట్టాడు.

సరిగ్గా బొటనవేలి మీద.

దేవదాస్ కేకకు మడిలో కొంగలన్నీ లేచిపోయాయి. శ్రావణ్ ఇంజన్ ఆపేశాడు. రాజేందర్ కళ్లు తెరిచాడు.

"నొస్తున్నదా?"

"సచ్చిపోయిన సేటూ!"

"అయితే నీ కాలే! శ్రావణ్, దిగురా! సీటు దేవదాస్‌ది!"

శ్రావణ్ దిగాడు. దేవదాస్ ఎక్కాడు, క్లచ్ తొక్కాడు, ఇంకో కేక పెట్టి దిగాడు. శ్రావణ్ మళ్లీ ఎక్కాడు. సాక్సు ఎర్రబడింది.

"మానినంక రా. సీటు ఏడికీ పోదు," అంటూ రాజేందర్ తనే అతన్ని బండి మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

హెప్సిబా ఈసారి జాగ్రత్తపడింది. "మళ్ల దెబ్బ తాకిందవ్వా. గోరే. ఉత్త గోరే," అని శారమ్మకు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

శారమ్మ ఆలోచించింది. దేవుడు మొలిపించిన ఎడమకాలికి అప్పుడే దెబ్బ తగలదు కదా.

సాయంత్రానికల్లా చర్చి మొత్తం దేవదాస్ కుడికాలి కోసం మోకరించింది.